పేరు పోయిన పాటలు

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన గంజాము జిల్లాలో పెద్దభాగము మదరాసు రాజధానినుండి విడివడి, క్రొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. నాడు బరంపురమున నిలిచిపోయిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. వీధిలో మేము మాటలాడునది ఒడియా. కచేరీలో వ్రాయునది ఒడియా. పిల్లలు బడిలో చదువునది ఇంగ్లీషు. తెలుగు మాకు వంటింటను, పూజగదిలోను, పెండ్లిపందిరిలోను మిగిలియున్నది. ఇట్లు మిగిలిన భాషకు అచ్చుపుస్తకముల బలము తక్కువ. ఇంటి ఆడువారి కంఠములే దానికి ఆధారము. కర్ణాటకమందో, తమిళనాటనో, మహారాష్ట్రమందో తరతరములుగా కాపురమున్న పాఠకులకు ఈ సంగతి విప్పి చెప్ప నక్కరలేదు.

ఆ కంఠములు ఉండగానే వానిని పట్టియుంచవలెనని 2007 మొదలు 2009 వరకు మేము కొంత ప్రయత్నము చేసితిమి. పెండ్లికిని, సీమంతమునకును, ఓణీల పేరంటమునకును బంధువులు కూడినప్పుడెల్ల చిన్న రికార్డరు నొకదానిని చాప ప్రక్కన నుంచెడివారము. నలుగు పాటలు, బంతులాట పాటలు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింత పాటలు, మంగళహారతులు, జోలపాటలు కలిసి అరువదినాలుగు సమకూడినవి. ధ్వని చెడకుండుటకై వానిని కుదింపక పూర్తి రూపముననే కంప్యూటరులో నిలిపితిమి. ఆ రూపమున ఒక నిమిషము పాటకు సుమారు పది మెగాబైట్ల చోటు పట్టును. అన్నియు కలిపి రెండున్నర గిగాబైట్లు. వేరొక ప్రతిని సీడీల కెక్కించి గోపాల్‌పూరునందలి బంధువుల ఇంట భద్రపరచితిమి.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూరు చెంత తీరము దాటెను. బంధువుల పెంకుటింటి గోడ కూలి సీడీల పెట్టె దానిక్రింద నలిగిపోయెను. మా ఊరిలో చాలదినములు కరెంటు లేదు. వచ్చిన తరువాతనైనను నిలుకడ లేక, వచ్చుచు పోవుచు నుండెను. ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు తుపానుకు విరిగిన చెట్ల ఫోటోలను, దూరపు బంధువులకు పంపుటకై, కంప్యూటరులోని కెక్కించుచుండగా కరెంటు మరల పోయెను. తిరిగివచ్చిన పిదప యంత్రమును నడుపగా, డి అను భాగమును తనిఖీ చేయవలసి యున్నదనియు, వలదన్నచో పది సెకండ్లలో ఏదైన మీట నొక్కవలెననియు తెరపై కనబడెను. వాడు మీట నొక్కి దానిని ఆపెను. పాటల ఫోల్డరును తెరచి చూడగా పేర్లున్నచోట అర్థములేని గుర్తులు, నమ్మరానంత పెద్దవైన పరిమాణములు, ఇంకను పుట్టని సంవత్సరముల తేదీలు కనబడెను. వెంటనే కంప్యూటరును ఆపివేసితిమి.

అప్పటికి ఎనుబదినాలుగేండ్లు నిండిన మా పెద్దమేనత్త గుమ్మమున నిలిచి, “ఏరా, మా వదిన పాడినవీ, మా చెల్లెలు పాడినవీ అన్నీ పోయినట్టేనా?” అని అడిగెను. ఆమె వదిన యనగా మా అమ్మ. మా అమ్మ 2011లో గతించినది. ఆ పాటలు పాడిన ఏడుగురిలో నలుగురు నాటికే లేరు. అత్త వేసిన ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, పాట డిస్కుపై ఎట్లుండునో ముందు తెలియవలెను.

అయస్కాంతపు పూత పూసిన పళ్లెములపై అక్షరములను నిలుపు యంత్రమును ఐ.బి.ఎం. సంస్థ 1956లో మొదట విక్రయించినది. దానిలో ఏబది పళ్లెము లుండెను. ఒక్కొక్కటి ఇరువదినాలుగు అంగుళముల వెడల్పు. అన్నియు కలిసి పట్టినది ఏబది లక్షల అక్షరములు. నేటి హార్డు డిస్కు అరచేత నిముడునదైనను పద్ధతి అదియే. పళ్లెము సెక్టారులను చిన్నమడులుగా విభజింపబడి యుండును. పూర్వము ఒక్కొక్క మడికి 512 బైట్లు; తరువాతి డిస్కులలో 4096 బైట్లు. కొన్ని మడులు కలిసినది క్లస్టరు. మా డి భాగమున ఒక క్లస్టరునకు పదునారు కిలోబైట్లు. మడికి తనలో పాట యున్నదో, ఫోటో యున్నదో తెలియదు. ఏ మడి ఎవరిదని చెప్పు లెక్క వేరుగ నుండును. ఆ లెక్క వ్రాయు పద్ధతినే ఫైలు సిస్టము అందురు.

మన పెద్దలకు ఇది తెలియని ఏర్పాటు కాదు. గ్రామమున భూమి వేరు, కరణముచేతి అడంగలు వేరు. అడంగలులో పేరు చెరిగినంత మాత్రమున పొలము గట్టు దాటి పోదు. పంట పండుచునే యుండును. కాని దాని యజమాని యెవరని అడిగినచో చెప్పువాడుండడు. హార్డు డిస్కు విషయమును అట్టిదే. ఫైలు కనబడలేదనగా ఫైలు లేదని అర్థము కాదు. లెక్క చెడినదని అర్థము కావచ్చును.

మా డిస్కుపై నున్నది ఫ్యాట్ 32 అను పద్ధతి. ఇది 1996లో వచ్చినది. దీనియందు లెక్క రెండు పుస్తకములలో నుండును. మొదటిది ఫోల్డరు. ఫైలు పేరు, తేదీ, పరిమాణము, అది మొదలగు క్లస్టరు సంఖ్య అందుండును. రెండవది ఫ్యాట్ అను పట్టిక. మొదటి క్లస్టరు తరువాత ఏ క్లస్టరునకు పోవలెనో, దాని తరువాత ఎక్కడికో అది చెప్పును. వారపత్రికలో కథ నడుమ ఆగి, “తరువాయి 42వ పుటలో” అని యుండును గదా! ఈ పట్టిక అంతయు అట్టి తరువాయిల జాబితాయే. కడపటి క్లస్టరు వద్ద సమాప్తి గుర్తు ఉండును. ఈ పట్టిక ముఖ్యమైనది కావున డిస్కుపై దీనిని రెండు ప్రతులుగా ఉంచుదురు. ఫోల్డరునకు మాత్రము రెండవ ప్రతి లేదు.

క్రొత్త ఫైలును వ్రాయునప్పుడు మడిలో విషయమును, పట్టికలో తరువాయిని, ఫోల్డరులో పేరును వేరువేరుగ వ్రాయవలెను. ఈ పనుల నడుమ కరెంటు పోయినచో ఒక పుస్తకము మరియొకదానితో పొత్తుకుదరదు. అప్పుడు పుట్టు దోషములలో ముఖ్యమైనవి మూడు. పట్టికలో గొలుసు యుండి ఫోల్డరులో పేరు లేకుండుట ఒకటి; ఇది సాగులో నుండియు ఎవరి పేరను లేని భూమి వంటిది. ఒకే క్లస్టరు రెండు ఫైళ్ల గొలుసులలో చేరుట రెండవది. ఒకే మడి ఇద్దరి పట్టాలలో నున్నట్లు. ఖాళీ చోటు లెక్క తప్పుట మూడవది; ఇది బంజరు జాబితాలోని పొరపాటు. మా ఇంట జరిగినది మొదటిది. పాటల ఫోల్డరున్న మడియే చెడినది. పట్టికలోని గొలుసులు చెక్కుచెదరలేదు. అయితే ఈ సంగతి మాకు తరువాత తెలిసినది.

మరమ్మతునకు ముందు తేల్చుకొనవలసిన దొకటి కలదు. చెడినది లెక్కయా, భూమియా? డిస్కునుండి టక్కుటక్కుమను శబ్దము వచ్చినను, చదువుట మరీ మందగించినను పళ్లెముగాని, దానిని చదువు ముల్లుగాని దెబ్బతిన్నదని అనుమానింపవలెను. అట్టి డిస్కును ఎంత నడిపిన అంత నష్టము. మరమ్మతు ప్రోగ్రాములను దానిపై నడుపరాదు. డిస్కు తన ఆరోగ్యమును తానే గుర్తించుకొను స్మార్ట్ అను ఏర్పాటు నేటి డిస్కులన్నింటను కలదు. చదువ వీలుకాని సెక్టారులెన్ని, మార్చివేయబడిన సెక్టారులెన్ని అని అందు చూడవచ్చును. మా డిస్కున రెండును సున్నగా నుండెను. భూమి బాగుగనే యున్నది, చెడినది అడంగలు.

అప్పుడైనను మా మేనల్లుడు ఆ డిస్కుపై చేయి వేయలేదు. “మావయ్యా, ముందు నకలు తీద్దాం. రిపేరు నకలు మీద చేద్దాం” అనెను. ఈ మాటలో ఈ విద్య సగము ఇమిడియున్నది. మరమ్మతు ప్రోగ్రాము డిస్కుపై వ్రాయును. ఒకసారి వ్రాసినది చెరిపి పూర్వస్థితికి తెచ్చుట జరుగదు. వాడు లైనక్స్ సీడీతో కంప్యూటరును నడిపి, డీడీరెస్క్యూ అను ప్రోగ్రాముచేత ఎనుబది గిగాబైట్ల ఆ డిస్కును అక్షరమక్షరము క్రొత్త డిస్కునకు ఎత్తి వ్రాసెను. ఆ ప్రోగ్రాము సుళువుగ చదువవచ్చిన చోట్లను ముందు చదివి, కష్టమైన చోట్లకు తరువాత మరల వచ్చును. ఎంతవరకు వచ్చినదో ఒక పట్టీలో వ్రాసికొనుచుండును. గంటకు పైగా పట్టెను. పాత డిస్కును కాగితమున చుట్టి బీరువాలో పెట్టి తాళము వేసితిమి.

పిమ్మట నకలుపై చెక్‌డిస్కు అను ప్రోగ్రామును నడిపితిమి. ఇది విండోసుతోకూడ వచ్చునదే. వేరుగ కొనవలసినది కాదు. దాని పేరును, డిస్కు భాగము అక్షరమును మాత్రమే వ్రాసినచో అది చూచి చెప్పును గాని దేనిని మార్చదు. వాని తరువాత ఏటవాలు గీతయు ఎఫ్ అక్షరమును చేర్చినచో దోషములను దిద్దును. ఎఫ్ బదులు ఆర్ అని చేర్చినచో దిద్దుటయే గాక, ప్రతి సెక్టారును చదివి చూచి, చెడినవానిని వేరుపరచును. దీనికి గంటలకొలది కాలము పట్టును. మేము మొదట చూచుటకు మాత్రము నడిపి, చెప్పినదంతయు కాగితముపై వ్రాసికొని, పిదప ఎఫ్ చేర్చి నడిపితిమి. పేరులేని గొలుసులు కనబడినవి. వానిని ఫైళ్లుగా మార్చవలెనా యని అడిగెను. అవునంటిమి. వలదన్నచో ఆ చోట్లన్నియు ఖాళీ భూమిగ లెక్కింపబడి, తరువాత వ్రాయువాని పాలగును.

కొన్ని నిమిషములలో పని ముగిసినది. ఫౌండ్.000 అను మరుగు ఫోల్డరొకటి పుట్టినది. అందు 0000 మొదలు 0070 వరకు సంఖ్యలు గల డెబ్బదియొక్క ఫైళ్లు. వాని చివర సిహెచ్‌కె అను మూడక్షరములు. పాటయో, ఫోటోయో పైకి తెలియదు. అయితే ప్రతిరకపు ఫైలునకు మొదట ఒక ముద్ర యుండును. మేము వాడిన ధ్వని ఫైలు ఆర్.ఐ.ఎఫ్.ఎఫ్. అను నాలుగక్షరములతో మొదలగును; ఫోటోకు వేరొక ముద్ర. వానినిబట్టి చూడగా అరువదినాలుగు పాటలు, ఏడు ఫోటోలు. పరిమాణము ఫోల్డరుతో పోయినది కావున ప్రతి ఫైలును నిండు క్లస్టరువరకు సాగి, చివర కొంత చెత్త చేరియుండెను. కాని పాట నిడివి ధ్వని ఫైలు మొదటనే వ్రాసియుండును. కావున ఆ తోక వినబడదు. అన్నియు వినబడినవి. ఒక్కటియు తెగలేదు.

అత్త ప్రశ్నకు సగము సమాధానము దొరికినది. పాటలున్నవి, కాని ఏ పాట ఎవరిదో, ఎప్పటిదో లేదు. చెక్‌డిస్కు పని లెక్కలను పొత్తుపరచుట మాత్రమే. పట్టికయు ఫోల్డరును ఒకదానితో నొకటి సరిపోయినచో దానికి తృప్తి. ఆ సరిపోవుటకై అవసరమైనచో ఒక ముక్కను త్రుంచివేయుటకును వెనుదీయదు. లోని పాట లాలియో, అప్పగింతయో దానికి తెలియదు. పోయిన పేరును చెప్పగల ప్రోగ్రాము లేదు. ఆ పని మా అత్త చేసినది.

మూడు సాయంకాలములు ఆమె కుర్చీలో కూర్చుండి వినెను. మేనల్లుడు కాగితము పట్టుకొని చెంత కూర్చుండెను. వానికి తెలుగు మాటలు వచ్చును గాని అక్షరములు రావు. ఆమె చెప్పిన తెలుగును ఒడియా లిపిలో వ్రాసికొనెను. ఒక ఫైలు మొదలై రెండు చరణములు కాకమునుపే ఆమె చేయి ఎత్తి, “ఇది మా వదిన. మీ అమ్మమ్మ. మీ చెల్లి ఓణీల పేరంటంనాడు పాడింది. వెనకాల చప్పుడు విను, అదుగో, గిన్నె కిందపడింది. ఆ రోజే” అనెను. వాడు మరల నడిపి వినెను. గిన్నె పడిన చప్పుడు నిజముగనే కలదు. ఫోల్డరులో పోయిన తేదీ ఆ చప్పుడులో నిలిచియుండెను.

ఒడియా లిపిలో ఎకార ఓకారములకు హ్రస్వదీర్ఘ భేదము లేదు. మేడ యని వ్రాసినను మెడ యని వ్రాసినను ఒకే రూపము. మరునాడు వాడు తన కాగితమును చదివి వినిపింపగా, పాటలోని మేడ కాస్త మెడ యయ్యెను. అత్త నవ్వి, “నీ అక్షరాలకి మేడా లేదు మెడా లేదు. ఇలా తే” అని కాగితపు అంచున తెలుగులో రెండు మాటలను వ్రాసి చూపెను. దీపావళి సెలవులలో వాడు తక్కిన అక్షరములను కూడ నేర్చుకొనెను. ఫైళ్ల పేర్లన్నియు వాడే తెలుగున టైపు చేసినాడు. పూర్వము వాని పేర్లు పాట ఒకటి, పాట రెండు అని యుండెడివి. ఇప్పుడు ప్రతి ఫైలు పేరులోను పాటరకము, పాడినవారి పేరు, సందర్భము, ఊరు, సంవత్సరము కలవు. అవే వివరములను కాగితముపై అచ్చొత్తించి దస్త్రమున ఉంచితిమి. ఏలయన కాగితమునకు ఫోల్డరు చెడదు.

నాటినుండి నేటివరకు యంత్రములు కొంత మెరుగైనవి. 1993లో విండోసు ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతి నేడు విండోసు కంప్యూటరులలో సాధారణము. అది లెక్కను మార్చుటకు ముందు, మార్చబోవునది చిట్టాలో వ్రాసికొనును. నడుమ కరెంటు పోయినను చిట్టా చూచి లెక్కను సరిచేసికొనును. 2012లో వచ్చిన విండోసు 8 మొదలుకొని కంప్యూటరు నడుచుచుండగనే తనిఖీ జరుగుట సాధ్యమైనది. లైనక్సునందు ఎఫ్.ఎస్.సి.కె. అను ప్రోగ్రామును, మాక్ యంత్రములందు డిస్క్ యుటిలిటీలోని ఫస్ట్ ఎయిడ్‌ను ఈ పనికే యున్నవి. లైనక్సు తాను కనుగొన్న పేరులేని ఫైళ్లను లాస్ట్ అండ్ ఫౌండ్ అను ఫోల్డరులో చేర్చును. కాని పెన్‌డ్రైవులును, కెమెరా కార్డులును నేటికిని పెక్కు పాత ఫ్యాట్ పద్ధతినో, దాని సంతతిలోని పద్ధతినో వాడుచున్నవి. చిట్టా రక్షణ వానికి లేదు. మన పేరంటముల ఫోటోలు ముందు చేరునది వానిలోనే.

తిరుగు పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. లలో మరియొక విశేషము కలదు. చెరిపిన ఫైళ్ల చోటును, ట్రిమ్ అను ఏర్పాటుచేత, యంత్రము తానే శుభ్రము చేసికొనును. లెక్కలో ఖాళీ అని పడినచో భూమియు త్వరలోనే దున్నబడును. పాత డిస్కులలో మాదిరి తరువాత వెదకి తీయవచ్చునను భరోసా అందు లేదు. అందుచేత విలువగల ఫైలునకు మూడు ప్రతులుండవలెననియు, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెననియు, ఒకటి వేరొక ఊరిలో నుండవలెననియు ఈ విద్యలో పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు మా పాటలు బరంపురమున ఒకటి, విశాఖపట్టణమున ఒకటి, ఇంటర్నెట్టులోని నిల్వచోట ఒకటి కలవు. ఒకే తుపాను మూడింటిని చేరదు.

మీ ఇంట కంప్యూటరు ఇట్టి సూచన చూపినచో చేయవలసినది స్వల్పము. డిస్కును ఫార్మాటు చేయవలెనా యని అది అడుగును, వలదనవలెను. దానిపై క్రొత్తగా ఏమియు వ్రాయరాదు. శబ్దము వచ్చుచున్నచో ఆపి, తెలిసినవారికి చూపవలెను. శబ్దము లేనిచో ముందు నకలు, పిమ్మట చూచుట, కడపట దిద్దుట. దిద్దిన తరువాత దొరికిన ఫైళ్లను వినుటకు, చూచుటకు ఇంటి పెద్దవారిని పిలువవలెను. ఈ చివరి పనిని మాత్రము వాయిదా వేయవలదు.

మా అత్త 2016లో గతించినది. అరువదినాలుగు పాటలలో అరువదిమూడింటికి ఆమె పేర్లు చెప్పినది. 0027 అను ఫైలును నాలుగుమార్లు విని, “ఎవరో తెలియటం లేదమ్మా. పర్లాకిమిడి వైపు యాస. పెళ్లికి వచ్చినవాళ్లలో ఎవరో” అనెను. అది అప్పగింత పాట. నాలుగు నిమిషములకు కొంచెము తక్కువ. పాడిన యామె నడుమ ఒకచోట ఆగి, గొంతు సవరించుకొని, విడిచిన మాటనుండియే మరల ఎత్తుకొనును. 2008 వేసవిలో బరంపురమున జరిగిన పెండ్లిది కావచ్చునని మా ఊహ. చెక్‌డిస్కు నేడు ఆ డిస్కున దోషములు లేవని చెప్పుచున్నది. ఆ ఫైలునకు మా మేనల్లుడు తెలుగున “ఎవరో” అని పేరు వ్రాసినాడు. పర్లాకిమిడి ప్రాంతపు కుటుంబములవారు ఈ సంచిక చదివినచో, ఆ కంఠమును ఒకమారు విని చెప్పవలెనని మా కోరిక.